పడమటి గోడకు మూడు కంతలు

మా మేస్త్రీ పోయాడని మొన్న సూళ్లూరుపేట సంతలో చేపలమ్మే ఆమె చెప్పింది. "మీ పక్షుల బడి కట్టినాయన ఇంక లేడు అయివోరా" అంది. సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన బతికుండగా నేను ఊరికి చెప్పాల్సిన నిజం ఒకటుంది. ఇన్నాళ్లూ నోరు రాలేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున పిల్లలకు పక్షుల్నీ చేపల్నీ దగ్గరగా చూపిస్తూ పాఠం చెప్పేందుకు ఒక గది కావాలని నేను పంతం పట్టిన రోజులవి. సిమెంటు, రేకులు అన్నాను నేను. "రేకు కింద పిల్లకాయల్ని ఎండుచేపలు చేస్తావా సామీ? ఇక్కడ దొరికేదే ఇక్కడ నిలబడతాది" అన్నాడాయన. ఒడ్డున ఏరిన గుల్లల్ని కాల్చి సున్నం చేశాడు. తాటి దూలాలు ఎత్తి, తాటాకు కప్పుని నడుమెత్తు దాకా దించాడు. గాలి ఆడేందుకు తూర్పు గోడకు మూడు కంతలు, వాటికెదురుగా పడమటి గోడకు మూడు.

రోజూ పొద్దున తువ్వాలు పైకెత్తి, గాలి ఎటు పోతోందో చూస్తేగానీ తాపీ ముట్టేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. "గాలితో మనకేం పనయ్యా, గోడ లేపు!" అని అరిచేవాణ్ణి.

"వచ్చే గాలికి పోయే దారి చూపించాల. చుట్టానికైనా అంతే" అని నవ్వేవాడు.

బడి మొదలయ్యాక నేనొక ఘనకార్యం చేశాను. పక్షుల పటాలు తగిలించడానికి గోడ చాలడం లేదని పడమటి కంతలు మూడూ ఇటుకలతో మూయించాను. ఆయన్ని అడగలేదు. అడిగితే ఒప్పుకోడని తెలుసు.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టపగలే వచ్చిపడింది. దారి మునిగింది. పదహారు మంది పిల్లలతో లోపల చిక్కుకున్నాను. తూర్పు కంతల్లోంచి దూరిన గాలి పోయే దారి లేక పైకి తన్నింది. దూలాలు కిర్రుమన్నాయి. కప్పు జానెడు లేచి దబ్బున కూలబడింది. పిల్లలు నా పంచె పట్టుకుని ఏడుస్తున్నారు. వీళ్ల తల్లులకు ఏం చెప్పనురా దేవుడా అనుకున్నాను.

దారి మీది నడుంలోతు నీళ్లు దాటుకుని గడ్డపారతో లోపలికి వచ్చాడు మేస్త్రీ. పటాల్ని చూశాడు, నన్ను చూశాడు. నేను నెల్లాళ్లు గీసిన రాజహంస మీదే మొదటి పోటు పొడిచాడు. ఇటుకలు బయటికి పడ్డాయి. రెండో కంత, మూడోది. పటాలన్నీ చిరిగి గాలితో బయటికి పోయాయి. కప్పు మళ్లీ లేవలేదు.

వాన తగ్గాక తల్లులు పరిగెత్తుకొచ్చారు. "ఆ కంతలు ఎవురు మూసింది?" అని ఒకామె నిలదీసింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "నేనేనమ్మా. బుద్ధి గడ్డి తినింది" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నీ పేరు చెబితే రేప్పొద్దున ఒక్క బిడ్డనూ పంపరు. బడి నిలబడాల అయివోరా" అన్నాడు.

బడి నిలబడింది. ఆయనకు మాత్రం మా ఊళ్లో మళ్లీ ఎవరూ గోడ పని ఇవ్వలేదు. ముసలితనంలో తడ దాకా నడిచిపోయి కూలి చేసుకున్నాడు. దారిలో ఎదురైతే పిల్లకాయలు బాగుండారా అని అడిగేవాడు. నేను తలొంచుకుని బాగున్నారనేవాణ్ణి. పిరికివాణ్ణి!

ఆ కంతలు మూసింది నేను. నిన్న బడిలో పిల్లల్నీ, ఆనాటి తల్లుల్నీ కూర్చోబెట్టి ఈ మాటే చెప్పాను. ఆ రోజు నిలదీసిన ఆమె లేచి, గడ్డపార గాట్లు ఇంకా మానని పడమటి కంత దగ్గరికెళ్లి, ఆయన తువ్వాలు ఎత్తినట్టే కొంగు పైకెత్తి పట్టుకుంది. సరస్సు మీది గాలి తూర్పు నుంచి వచ్చి, ఆ కొంగును బయటికి ఎగరేస్తూ, తడ దారి వైపు పోయింది.