బుగులు రాజం భుజాల కొలత

మే పద్దెనిమిది, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు; ఎండ అప్పటికే ముప్పై ఏడు డిగ్రీలు, గాలి లేదు. గోదావరిఖనిలో మా బావ ఇంటి వరండాలో స్కేలు పట్టుకొని కూర్చున్నాను. కూర్చున్నాననడం సరికాదు, అప్పటికే ఆరుసార్లు లేచాను. పన్నెండింటికి ప్రెస్సు కుర్రవాడు వస్తాడు. ఆలోగా బావ చేతి బొమ్మ సిద్ధమైతే, అచ్చవుతున్న ఆయన బొమ్మల కథల పుస్తకానికి అదే అట్ట. లేకుంటే ఆ కథలతో తీసిన సినిమాలోని మనిషి ఫొటోయే అట్టకెక్కుతుంది. లోపలి కథలు ఎలాగో అచ్చుకు వచ్చాయి గానీ, పాత కాగితాలు వెలిసిపోయి, అట్టకు పనికివచ్చే బొమ్మ ఒక్కటీ మిగల్లేదు.

బొగ్గు గనిలో పైబండ కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా బావ పనిచేసిన ఇరవై ఆరేళ్ళలో, డ్యూటీ దిగివచ్చి, తోటివాళ్ళ పిల్లల కోసం గీసిన బొమ్మల కథలు నలభై ఎనిమిది. అన్నింటిలోనూ నాయకుడు బుగులు రాజం. భయం పేరులోనే ఉంది. సన్నటి మెడ, జారిన భుజాలు, మోకాళ్ళ దాకా వేలాడే చేతులు. కర్రతో పైబండను తట్టి వింటాడు. డొల్ల చప్పుడు వస్తే తట్టా పారా అక్కడే పారేసి ఉరుకుతాడు. అందరూ నవ్వుతారు, నవ్వుతూనే వెంట ఉరుకుతారు, వెనక బండ కూలుతుంది. ఏ కథలోనూ ఒక్కరూ చనిపోలేదు. సర్వే విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక ఈ లెక్కను రెండుసార్లు సరిచూశాను.

ఆ కథలు నిరుడు సినిమా అయ్యాయి. అందులో రాజం ఉరకడు. కూలే బండను భుజాలతో ఆపుతాడు. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను, ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ స్థిమితంగా ఉండనివ్వదు. బావ రెండు ఆటలు చూశాడు. అక్క మాత్రం "నా రాజం నాకు ఎరికే" అని పోలేదు.

బావ మొదటి బొమ్మ గీశాడు. కొలిచాను. పాత రాజానికి భుజాల వెడల్పు తలకు ఒకటిన్నర రెట్లు, వీడికి మూడు.

"బావా, భుజాలు పెరిగినయి."

"ఏంది బామ్మర్ది, వానికి అంగీ కుట్టిస్తవా? ఆ స్కేలు అవుతల పెట్టు."

ఐదో బొమ్మకు మెడ కూడా లావెక్కింది. అక్క బియ్యం చేట పక్కన పెట్టి వచ్చింది. "గీడెవడు? గిట్ల ఛాతి ఇరుసుకుంటె బండ మీద పడదా? మనోడు వంగి ఉంటడు, చెవి మీదికి పెట్టి."

బావ వంచాడు. వంగినవాడు బండను మోస్తున్నట్టే ఉన్నాడు.

పాత కాగితం చూసి గీయమన్నాను. "చూసి గీస్తె నకలైతది. నా చెయ్యికి వాడు ఎరికుండాలె గద," అని బావ తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు, పరాయివాడిదేమో అన్నట్టు. నేను కళ్ళు మూసుకొని రాజాన్ని తలచుకున్నాను. నాకూ సినిమా మనిషే కనిపించాడు. ఆ మాట బావకు చెప్పలేదు. లేచి గేటు దాకా నడిచి వచ్చాను.

పన్నెండుకు రెండు నిమిషాల ముందే కుర్రవాడి బండి ఆగింది. బావ పెన్సిలు కింద పెట్టాడు.

"సినిమాదే ఏసుకో, బిడ్డా."

రాజం ఆ చేతికి అలవాటు కావడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. చెయ్యి మరిచిపోవడానికి, రెండు ఆటలకూ కలిపి, ఐదు గంటల పది నిమిషాలు చాలింది. ఆ ఉదయం బావ గీసిన బొమ్మలు పదకొండు. అక్క రాజమని ఒప్పుకున్నది ఒక్కటీ లేదు.