షాఫ్టు మీద నా వేళ్ళు

కొత్తవాడలో మాకో లేతు షెడ్డుంది. ఇనుప కడ్డీలు చెక్కి రైస్ మిల్లు షాఫ్టులు తీస్తాం. తీయడమంటే నా భర్త తీస్తాడు, అరవడం నా వంతు. కరెంటు పోయినా, ఇనుము ఆలస్యంగా వచ్చినా నోరు చేసుకునేది నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

మొన్న వానాకాలం గోందియాలోని ఒక మిల్లుకు షాఫ్టు పంపాల్సి వచ్చింది. రంగు లేని ఉత్త ఇనుము, అద్దంలా మెరుస్తోంది. అలాంటిదాన్ని మా ఆయన వట్టి చేత్తో ముట్టనివ్వడు. చెమట తగిలినా తుప్పే అంటాడు. దాని ఒళ్ళంతా చిక్కటి నూనె పట్టించి, "ఆటో తోల్కొస్త, గంతల మైనం కాయితం జుట్టి పెట్టు" అని బయటికి పోయాడు.

బొట్టు లేకుండా ఇనుము మా గడప దాటదు. అది మా అత్తగారు పెట్టిన ఆనవాయితీ. నూనె మీద బొట్టు నిలుస్తుందా మరి? కొంగుతో ఒకచోట శుభ్రంగా తుడిచి, తడి పసుపు మూడు వేళ్ళతో బారుగా రాసి, నడుమ కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. పైన కాగితం చుట్టేశాను. ఆయన వచ్చి ప్లాస్టిక్ కవరు బిగించాడు.

కొన్నాళ్ళకు గోందియా నుంచి ఫోను. షాఫ్టుకు తుప్పు పట్టింది, వాపసు పంపుతున్నాం అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడి ట్రాన్స్‌పోర్టు గోదాము రేకులు కారతాయని అందరికీ తెలుసు. లారీ ఎక్కేదాకా మా షాఫ్టు ఉన్నది అక్కడే. పార్సిలు తిరిగొచ్చిన రోజు నేనే పోయాను. గోదాము చూసుకునే పెద్దాయన్ను ఎప్పుడూ కాకా అని పిలిచేదాన్ని. ఆ రోజు ఆ పిలుపు రాలేదు.

"కండ్లు నెత్తికెక్కినయా? మా సరుకు వానల పారేసి బీడీలు తాగుతాన్నవా?"

"వానల ఎయ్యలే బిడ్డా. చెక్కల మీద వెట్టి తాడిపత్రి పట్ట కప్పిన."

హమాలీలు మూటలు దించి చూస్తున్నారు. అరుపులకు గోదాము యజమాని సేటు బయటికొచ్చాడు. "నీకు ముసలితనమొచ్చింది. రేపటి సంది రాకు" అన్నాడు కాకతో. నేను అప్పుడైనా ఆగానా? "ఇప్పి సూడుండ్రి, ఈయన నిర్వాకం మీకే తెలుస్తది" అన్నాను.

కాక కవరు కోసి కాగితం విప్పాడు. షాఫ్టు మొత్తం తళతళలాడుతోంది, ఒక్కచోట తప్ప. అక్కడ మూడు వేళ్ళ చారలు, నడుమ గుండ్రటి చుక్క. తుప్పు ఇనుములోకి తినేసింది.

ఛీ, నా నోరు పడిపోను! భూమి పగిలితే దూరిపోదునా అనిపించింది. చెయ్యి కొంగులో దాచుకున్నాను. "గిదేం తుప్పు?" అంటున్నాడు సేటు, ఏమీ అర్థంకానట్టు. కాక ఆ చారల మీంచి చూపు తిప్పి నా ముఖం చూశాడు. నేను ఊరుకుంటే ఆయన కూడు పోతుంది.

చెయ్యి తీసి ఆ చారల మీద పెట్టాను. వేలికి వేలు సరిపోయింది.

"నావే. నూనె తుడిసి బొట్టు వెట్టిన" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"తిట్టినప్పుడు బజారంత ఇనవడ్డది గద బిడ్డా" అన్నాడు కాక. "గిది గూడ గంత గట్టిగ జెప్పు."

హమాలీల వైపు తిరిగాను.  ఈసారి గట్టిగానే చెప్పాను, తప్పు నాదేనని. సేటు "సరే, పని జూసుకో పో" అని కాకను లోపలికి పంపాడు. వెనక నుంచి ఆయన్ను ఆపుదామనుకున్నాను. కాకా అని పిలవడానికి నోరు రాలేదు.