చచ్చిన దొంగకు అంటు కట్టిన మధ్యాహ్నం

కోతలు అయిపోయాక ముసునూరులో మా మామిడికాయల షెడ్డు ఖాళీ. మధ్యాహ్నాలు అక్కడ చాప వేసుకుని ముగ్గురం ఆడతాం. కథ చెప్పి ఆట నడిపేది నేను, అందులో మనుషులై తిరిగేది మా అత్తగారు, మరిది. ఏం చేస్తారో వాళ్ళు చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. తూకంలో ఒక్క కాయ తేడా వచ్చినా నిద్రపట్టని మా అత్తగారు ఆటలో గజదొంగ. మరిదేమో వీరుడు.

చిక్కంతా ఆ వీరుడితోనే. చచ్చినవాణ్ణి మంత్రగత్తె ఊరికే బతికిస్తుందని మొదట్లో నేనే రూలు పెట్టాను. ఇంకేం, కొండచిలువ నోట్లో తలపెట్టి మరీ చచ్చేవాడు.

"చస్తే ఏంటి వదినా, నువ్వు లేపుతావుగా!" అని పకపకా నవ్వు.

నాకు ఒళ్ళు మండిపోయేది. చావంటే భయం లేకపోతే ఇంక కథేంటి, నా తలకాయ!

ఒకరోజు అత్తగారితో మామిడి అంట్లు కడుతున్నాను. వేరుమొక్క తల నరికి, చిన్నరసం పుల్ల చెక్కి దూర్చి, రిబ్బను చుడుతుంటే తట్టింది. చచ్చినవాణ్ణి బతికున్నవాడి మీద అంటు కట్టాలి! వేరుమొక్కగా నిలిచినవాడి కత్తి, విద్యలు, సమస్తం పోతాయి. ఆ వేరు మీద బతికేది చచ్చినవాడే. ఆనందం పట్టలేక గట్టు మీద గంతులేశాను.

తీరా ఆ రూలుకి మొదట చిక్కింది వీరుడు కాదు. రాణిగారి వడ్డాణం కాజేయబోయి అత్తగారి దొంగ బావిలో పడి చచ్చింది.

"పోన్లే అమ్మాయ్. ఇంకో దొంగని పెంచే ఓపిక నాకు లేదు. మీరిద్దరూ ఆడుకోండి" అని ఆవిడ లేచింది. కళ్ళనిండా నీళ్ళు. ఆటే కదా అంటారేమో, ఆవిణ్ణి అప్పుడు చూడాల్సింది మీరు.

మరిది తన పాచిక పక్కన పెట్టి, "కూర్చో అమ్మా. వదినా, నా తల నరికెయ్" అన్నాడు.

నరికాను, కట్టాను. దొంగ లేచింది! షెడ్డు రేకులు ఎగిరేలా అరిచాం. కానీ మరిదికిక ఆడటానికేం మిగల్లేదు. ఊరికే కూర్చున్నాడు. చూడలేక, "అత్తయ్యా, మీ దొంగ అంటు కింద వీరుడి వేరుమొక్క చిగురేస్తోంది, గిల్లేస్తారా?" అన్నాను.

ఆ చిగురు గిల్లకపోతే అంటు ఎండిపోతుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. పక్కవాళ్ళ తోటలో కనిపించినా గిల్లి గానీ కదలదు మా అత్తగారు. అలవాటుగా వేళ్ళు ముందుకు చాచి, కొడుకు మొహం చూసి ఆగిపోయింది.

"ఉండనీవే. ఎండితే ఇద్దరం ఎండుతాం."

అప్పట్నుంచీ ఒకే ఒంట్లో తల్లీ కొడుకూ. ఆవిడ మెల్లగా తాళం తీస్తుంటే వీడు తలుపు తంతాడు, తిట్లే తిట్లు! కొండచిలువ కనిపిస్తే మాత్రం మావాడిప్పుడు నాలుగు తోటల అవతల నుంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

"లోపల అమ్మ ఉంది వదినా" అంటాడు.