నాలుగో రోజు పొద్దుగూకితే

మా అక్కకు క్రికెట్‌లో ఏ దేశమ్మీదా అభిమానం లేదు. ఎవరు అవుటైనా సంతోషించేది. నేను కామారెడ్డి నుంచి వచ్చి బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టానో లేదో "ఎంతమంది పోయిండ్రే?" అని అడిగేది. ఏడుగురు అంటే ముఖం విప్పారేది. ఇద్దరే అంటే ఒళ్ళో చాట, చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే పెట్టుకుని, "పొద్దంత నిలబడి ఏం చేస్తున్నరే వాళ్ళు? వాళ్ళకు ఇండ్లు లేవా?" అని తిట్టిపోసేది.

దీనికంతటికీ కారణం బావ. తెలంగాణ రావడానికి రెండేళ్ళ ముందు మాట ఇది. మా ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లోంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు మేస్త్రీ పనిలోనో ఒంటెల దగ్గరో చేరితే, బావ ఒక క్రికెట్ స్టేడియంలో చేరాడు. గడ్డి కోయడం, నీళ్ళు పట్టడం, పిచ్ మీద రోలర్ లాగడం ఆయన పని. "ఈడ మడి తడిపినట్టే ఆడ గడ్డి తడుపుతున్న మరదలా. తినేటందుకు గాదు, చూసేటందుకు. చూసేటోడు గూడ ఒక్కడు రాడు" అని ఫోన్‌లో నవ్వేవాడు.

ఆ మాట నిజమే. అక్కడ జరిగేది ఐర్లాండ్, స్కాట్లాండ్, కెన్యా, నమీబియా, అఫ్గానిస్తాన్ లాంటి జట్ల టోర్నమెంటు. పెద్ద దేశాలు తమ పంక్తిలో కూర్చోనివ్వని దేశాలన్నీ కలిసి, తెల్లబట్టలేసుకుని, నాలుగేసి రోజులు ఆడుకునే ఆట. ఎప్పటికైనా పెద్దవాళ్ళు పిలవకపోతారా అని వాళ్ళ ఆశ. ఆటగాళ్ళలో కొందరు ఊళ్ళో నౌకరీకి సెలవు పెట్టి వస్తారని బావ చెప్పాడు. "మనలెక్కనే పాపం" అనేవాడు. టీవీలో రాదు, పేపర్లో రాదు. కామారెడ్డి బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో నేను వెతికి చూస్తేనే కనబడేది. డిగ్రీ చదువుతున్న పిల్ల, పాఠాలు వదిలి నమీబియా స్కోరు చూస్తోందని సెంటరాయన వింతగా చూసేవాడు.

మ్యాచ్ నడిచినన్నాళ్ళు బావ ఫోన్ చేయడు. చీకటితో గ్రౌండుకు పోవాలి, గదికి వచ్చేసరికి ఒళ్ళు హూనం. ఆట అయిపోయిన సాయంత్రమే చేసేవాడు. అందుకే అక్కకు వికెట్లు పడాలి. వికెట్లు పడితే మూడో రోజే ఫోన్ వస్తుంది. పడకపోయినా నాలుగో రోజు పొద్దుగూకితే ఎక్కడి వాళ్ళక్కడ ఆపేస్తారని బావ చెప్పిన సంగతి ఆమెకు ఎంత ధైర్యమో! "ఇయ్యాల ఎన్నో రోజే?" అని రోజూ అడిగేది. ఈసారి మ్యాచ్ ఒక్కటి అయితే సెలవు దొరుకుతుందని, చుట్టీ మీద ఇంటికి వస్తానని అన్నాడు. బిడ్డ నడక నేర్చింది, ఇంకా తండ్రిని చూడలేదు.

మూడో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మా బాపు వాకిట్లో లేడు. వీధి చివర, మా పెద్దనాయన గోడ పక్కన నలుగురైదుగురు మగవాళ్ళతో నిలబడి ఉన్నాడు. నన్ను చెయ్యూపి పిలిచాడు. అక్కడ బావ గదిలోనే ఉండే, మా దిక్కు సదాశివనగర్ మనిషి ఫోన్ చేశాడట. మిట్టమధ్యాహ్నం ఎండలో రోలర్ పక్కనే బావ కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఆ మధ్యాహ్నమే నేను సెంటర్లో కూర్చుని ఆ ఆటే చూశాను. బంతి బంతికీ స్కోరు మారింది. ఎక్కడా ఆగలేదు.

"అక్కకు చెప్పద్దు" అన్నాడు బాపు. మా దగ్గర ఇది అలవాటే. గల్ఫ్‌లో మనిషి పోతే శవప్పెట్టె వచ్చేదాకా పెండ్లానికి చెప్పరు. దవాఖానలో ఉన్నాడు, తగ్గుతోంది అంటూ నెట్టుకొస్తారు. కాగితాలు తేలడానికి నెల పట్టినా సరే. "ఇప్పుడే చెప్తె తిండి మానేస్తది. బిడ్డ చిన్నది. ఆట ఇంక నడుస్తుందని చెప్పు, ఫోన్ ఎందుకు రాలేదని అడగది."

"బాపూ, అది నాలుగు రోజుల ఆటే" అన్నాను.

"నాకు తెల్వదా క్రికెట్? రేడియోల ఇన్న. ఒకటి అయినంక ఒకటి నెల రోజులు ఆడతరు." పక్కనున్నవాళ్ళు తలలూపారు. వాళ్ళెవరికీ ఆ టోర్నమెంటు పేరు కూడా తెలియదు.

నాలుగో రోజు పొద్దుగూకింది. అక్క ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, బీడీలు చుడుతూ, దాని వంకే చూస్తూ కూర్చుంది. ఫోన్ మోగలేదు. "ఆట ఇంక అయిపోలేదట బిడ్డా" అన్నాడు బాపు. అక్క నా వైపు చూసింది. నేను బస్సులో తల నొచ్చిందని చెప్పి లోపలికి పోయాను.

మరునాడు వాడకట్టు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నల్లా దగ్గర నీళ్ళకోసం అక్కతో నిత్యం కొట్లాడే పక్కింటామె కూడా వచ్చి, తల దువ్వి, మూరెడు మల్లెపూలు పెట్టింది. ఇంకొకామె కొత్త గాజులు తొడిగింది. ఊరందరికీ తెలుసు. ఇక ముందు పెట్టుకోనివ్వరని, ఉన్న నాలుగు రోజులైనా పెడదామని వాళ్ళ ప్రేమ. ఆ ప్రేమను చూస్తే నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం అన్నీ పెట్టించుకుంది, తొడిగించుకుంది, మళ్ళీ చాట ముందుకు లాక్కుంది.

ఆ మర్నాడు సాయంత్రం బాపు మళ్ళీ అదే మాట మొదలుపెట్టాడు. "ఆట జోరుగ నడుస్తుందట. ఇంక రెండు మూడు రోజులు..."

అక్క చాట పక్కన పెట్టింది. ఒళ్ళో ఉన్న తునికాకు ముక్కలు దులుపుకుని లేచింది.

"ఏ ఆట బాపూ? నాలుగో రోజు పొద్దుగూకితే ఎవలు గెలవకున్నా ఆపేస్తరు. ఆయనే చెప్పిండు నాకు. ఎవలు గెలిస్తె నాకేంది? నేను రోజులే గదా లెక్కవెట్టుకున్నది."

అక్క జడలోని పూలు తెంపి బాపు చేతిలో పెట్టింది.

"నల్లా కాడ నన్ను తిట్టే ఆమె వచ్చి పూలు వెట్టింది. అప్పుడే సమజైంది. ఎవలన్న చెప్తరేమోనని చూసిన. ఎప్పుడు సచ్చిపోయిండు?"

బాపు ఆ పూలు పట్టుకుని నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. అన్ని రోజులు ఊరంతా మోసుకు తిరిగిన ఆ మాటను మా ఇంట్లో మొదట పైకి అన్నది అక్కే.