బావగారి మీట

చిన్నకోడలు బల్ల కింద దూరి చాలాసేపయింది. బయటికి రెండు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పాదాలను చూసినా చాలు, లోపల ఉన్న మనిషి ఎంత మండిపోతోందో తెలిసిపోతుంది.

కొత్త పెట్టె బల్ల మీద ఉంది. పలకంత పెట్టె, దాని మీద వరసగా ఎనిమిది జారుడు మీటలు. పైకి తోస్తే శబ్దం పెరగాలి, కిందికి లాగితే తగ్గాలి. అంతే దాని చదువు. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే కచేరీ నడుస్తుండగా, అందులో ముందే నింపి పెట్టుకున్న వయొలిన్లనీ, డ్రమ్ములనీ గొంతులనీ తలా ఒక వేలితో సర్దుకోవచ్చు. తగిలించింది. పెట్టెకు దీపాలు కూడా వెలిగాయి. ల్యాప్‌టాప్ మాత్రం, పెట్టేమిటి, నాకేమీ కనబడలేదే అన్నట్టు కూర్చుంది.

"నాది ఏదమ్మా?" అన్నారు పైనుంచి బావగారు.

"ఇంకా కాలేదండీ."

"కాలేదు సరే. నాది ఏదో చెప్పేస్తే నా మానాన నేను చూసుకుంటాను కదా."

బావగారంటే ఆమె భర్తకు అన్నగారు, వాళ్ళ పాటల బృందానికి పెద్దదిక్కు, ప్రధాన గాయకుడు. భర్త డ్రమ్ములు వాయిస్తాడు, ఆమె కీబోర్డు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. ఇంటిల్లిపాది ఫోన్లూ ఓపిగ్గా బాగుచేసి పెట్టిన పాపానికి బృందంలో కంప్యూటరు పని కూడా ఆమె నెత్తిన పడింది. ఇవాళ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఫోర్‌మన్ రిటైర్మెంటు సభ. మధ్యాహ్నమే వచ్చి సామాను దించుకున్నారు. పాత పెట్టె ఉంటే ఈ తిప్పలుండేవి కావు. గొంతు కోసం బావగారు తెచ్చుకునే వేడినీళ్ళ ఫ్లాస్కు పోయిన కచేరీలో దాని మీద ఒలికింది. ఎవరు ఒలికించారన్నది ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం.

తీరా చూస్తే తప్పు తీగది. అది ఫోను చార్జింగుకి పనికొచ్చే తీగే గాని కబుర్లు మోసే తీగ కాదు. సంచి మొత్తం నేల మీద బోర్లించి సరైన తీగ వెతికి పెట్టింది. ల్యాప్‌టాప్ కళ్ళు తెరిచింది. హమ్మయ్య అనుకుని మీట తోస్తే తెర మీద గీత కదలదు! తోసింది, లాగింది, వేలితో మొట్టింది. పావుగంట తర్వాత గాని తెలియలేదు, ఇదొక పట్టింపు పెట్టె అని. మీట ఉన్నచోటూ తెర మీద గీత ఉన్నచోటూ ఒకసారి కలిస్తే గాని ఇది పలకదట. అలిగిన తోడికోడళ్ళలాగా, నువ్వొచ్చి పలకరించేదాకా నేను కదలనంటుంది.

"ఖరీదైన మొండితనం," అంది చిన్నకోడలు పళ్ళ మధ్యనుంచి.

"నన్నా?" అన్నారు బావగారు.

"అయ్యో, పెట్టెనండీ."

ఇక ఆయన మీట సంగతి. ఆయనకు ఎప్పుడూ ఒకటే బాధ, తన గొంతు హాల్లో సరిగ్గా వినబడటం లేదని. "కొంచెం పెంచమ్మా" అని పాట మధ్యలో సైగ చేసేవారు. పెంచితే ప్రమాదం. కింది స్వరాల్లో ఆయన గొంతు పట్టులాంటిదే, పై స్వరానికి వెళ్ళేసరికి రేకు డబ్బా లాగినట్టుంటుంది. ఆ మాట బావగారితో అనేదెవరు? అన్నం తింటున్న కంచంలోకి ఉప్పు కూడా తల వంచుకుని వడ్డించే మరదలా? అప్పుడు ఒక ముసలి సౌండు మనిషి ఆమెకు చెవిలో మంత్రం చెప్పాడు. "పాటగాడికి మీట ఇవ్వమ్మా. తీగ మాత్రం ఇవ్వకు."

అలా ఎనిమిదో మీట బావగారిదయింది. ఎర్ర బిళ్ళ కూడా అంటించింది. దానికి దేనితోనూ సంబంధం లేదు. ఆయన గొంతు నిజంగా ఉన్నది మూడో మీటలో, ఆమె వేలి కింద. పై స్వరం వచ్చేసరికి దాన్ని కాస్త దించి, వయొలిన్లు కాస్త ఎత్తేది. ఆయన ఎర్ర బిళ్ళను పైకి తోసి, కళ్ళు మూసుకుని తృప్తిగా తల ఊపేవారు. రెండేళ్ళుగా ఇంట్లో ఎవరికీ ఈ గుట్టు తెలియదు, భర్తకు కూడా.

ఇప్పుడు కొత్త పెట్టెకు అన్నీ మొదటినుంచి నేర్పాలి. తెర మీద ఒక బొత్తాం నొక్కి, తెర మీదే ఒక వస్తువును ముట్టుకుని, పెట్టె మీద ఒక మీట కదిపితే ఆ రెంటికీ ముడి పడిపోతుంది. అడిగేదీ లేదు, ఆలోచించేదీ లేదు. ఏడు ముళ్ళూ వేసింది, ఎనిమిదోదానికి ఎర్ర బిళ్ళ మాత్రం అంటించింది. పాట వేగం ఎంతుందో చూద్దామని, నేర్పే బొత్తాం ఆపకుండానే ఆ అంకెను ముట్టుకుంది. సరిగ్గా అప్పుడే క్యాంటీన్ మనిషి వచ్చి, "అమ్మా, ఈ ప్లగ్గు మా ఫ్రిజ్‌ది, తీసేస్తున్నా," అన్నాడు. ఆమె అటు పరుగెత్తింది. వచ్చేసరికి బావగారు పెట్టె ముందు నిలబడి, ఎర్ర బిళ్ళను పైకీ కిందికీ ఆడిస్తూ, "మెత్తగా ఉందమ్మా, పాతదానికంటే నయం," అన్నారు. ఆమె సరేనని ముళ్ళన్నీ భద్రం చేసేసింది.

పరీక్షకని మొదటి పాట మొదలుపెట్టారు. పల్లవి బాగానే నడిచింది. చరణంలో బావగారు తన మీట పైకి తోశారు. పాట ఒక్కసారిగా పరుగందుకుంది. ఆయనకు ఊపిరి అందలేదు. మీట కిందికి లాగి తమ్ముడి వంక చూశారు. పాట మోకాలిలోతు నీళ్ళలో నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ సాగింది.

"ఒరేయ్! రైలు పట్టుకోవాలట్రా నువ్వు?"

"నేనేం చేశానన్నయ్యా! చెవిలో ల్యాప్‌టాప్ టిక్కుటిక్కుమంటోంది, దాని వెంటే పోతున్నాను."

"టిక్కు కాదు, తిక్క. మళ్ళీ మొదలెట్టు."

మళ్ళీ అదే. మూడోసారి ఇంకా అన్యాయం. ముందు వరసలో కూర్చున్న తోడికోడలు అరిచింది, "ఏమే, ఆయనకి గొంతు పెంచే మీట ఇచ్చావు సరే, తగ్గించేది ఏదైనా ఉంటే నాకివ్వవే, ఇంటికి పట్టుకెళ్తాను!"

ఎవరూ నవ్వలేదు. "చిన్నప్పట్నించీ అంతే వీడు," అన్నారు బావగారు, హాలంతా వినేలా. "చేతికి తాళం లేదు, మనిషికి నిలకడ లేదు."

భర్త కర్రలు కింద పెట్టేశాడు. అన్నగారికి ఎదురు చెప్పి ఎరుగని మనిషి. "నేను వాయించను. ఇంకెవర్నైనా పిలుచుకో. ఇవాళే కాదు, ఇక ఎప్పుడూ," అని కుర్చీల వరసల వైపు వెళ్ళిపోయాడు.

చిన్నకోడలికి పెట్టె మీద కోపం, క్యాంటీన్ మనిషి మీద కోపం, తప్పు ఏమిటో అంతుపట్టనందుకు తన మీదే కోపం. బావగారు ఉక్రోషంగా ఎర్ర బిళ్ళను మీదికి తోశారు. ఆమె చూపు అనుకోకుండా తెర మీద పడింది. వేగం అంకె ఆయన వేలితో పాటు పైకి పాకుతోంది.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. చెబితే, మరి ఇన్నాళ్ళూ నా మీట దేనికుందమ్మా అంటారు. చెప్పకపోతే, ఏ పాపమూ ఎరుగని మొగుడు తాళం రానివాడిగా మిగిలిపోతాడు. అవసరం లేకపోయినా కుర్చీలు సర్దుతున్న భర్త వీపును ఒకసారి చూసింది.

"బావగారూ, ఆయన తప్పు లేదు. నాదే. మీ మీట పొరపాటున వేగానికి ముడిపడింది. మీరు తోసినప్పుడల్లా పాట పరుగెత్తింది."

"వేగానికా?" ఆయన మీటనూ తమ్ముడినీ మార్చి మార్చి చూశారు. "మరి నా గొంతో?"

"ఇప్పుడు కడుతున్నానండీ."

"నా కళ్ళ ముందు కట్టు."

ఇక దారి లేదు. ఆయన భుజం మీదుగా వంగి చూస్తుంటే, మూడో మీటనుంచి గొంతును విప్పి ఎనిమిదోదానికి నిజంగానే ముడి వేసింది. తెర మీద గీత తన వేలి వెంట కదులుతుంటే బావగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. "వాయించరా, పెట్టెదట తప్పు," అని తమ్ముడిని పిలిచారు. క్షమాపణ కాదు గాని, ఆ ఇంట్లో దానికి దగ్గరి చుట్టం. తమ్ముడు ముఖం చిటపటలాడించుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

సభ మొదలైంది. మొదటి పాట చరణంలో బావగారు మీటను నిండుగా తోశారు. పై స్వరం, ఏ వయొలినూ కప్పని పై స్వరం, హాలు ఈ చివరినుంచి ఆ చివరికి రేకులా చీలింది. ఫోర్‌మన్ చేతిలో టీ తొణికింది. చిన్నకోడలు అలవాటుగా మూడో మీట లాగింది. అది ఖాళీ. ఏడవాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. బావగారు ఉలిక్కిపడి మీట దించారు, మళ్ళీ కొద్దిగా తోశారు, మళ్ళీ దించారు. మూడో పాటకల్లా సగానికి దిగువన ఆగింది ఎర్ర బిళ్ళ. కింది స్వరాల్లోనే తిరుగుతూ మెల్లగా పాడారు. బాగా పాడారు కూడా.

సభ ముగిసింది. ఆమె తీగలు చుడుతుంటే వచ్చారు.

"ఈ పెట్టె బాగోలేదమ్మా. కొట్టులో తిరిగిచ్చెయ్. పాతది ఎంత పెంచినా పల్లెత్తు మాట అనేది కాదు. ఇది అలా తాకితే చాలు, అరుస్తోంది."

మధ్యాహ్నంనుంచి బల్ల కింద మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. రెండేళ్ళ మర్యాద ఒక్క క్షణంలో తెగింది.

"అరిచింది పెట్టె కాదు బావగారూ, మీ గొంతు! ఇవాళ విన్నది ఉత్త మీ గొంతే!"

అనేసి నాలుక కరుచుకుంది. భర్త చేతిలో తీగ ఆగిపోయింది.

"నాదా?" అన్నారు బావగారు. "అంత పెద్దదా?"

"... పెద్దదేనండీ."

"పెట్టె సాయం లేకుండానే?"

"లేకుండానే."

ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎర్ర బిళ్ళను గోటితో గీకి తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "మరి నాకెందుకమ్మా మీట? నువ్వే చూసుకో. ఎక్కువైతే నువ్వే తగ్గించు," అని, గుమ్మం దగ్గర ఫోర్‌మన్‌ను ఆపి చెప్పడం వినిపించింది. "పెట్టె అక్కర్లేదటండీ నా గొంతుకి. మా మరదలు తేల్చి చెప్పింది. యంత్రాల సంగతి బాగా తెలిసిన పిల్ల."

భర్త ఆమె వైపు తిరిగాడు. "పాత పెట్టె మాట అనేది కాదన్నాడేమిటి అన్నయ్య? ఎందుకనేది కాదు?"

"ఆ తీగ సరిగ్గా చుట్టు, మడతలు పడుతున్నాయి," అంది చిన్నకోడలు.