అక్క ఉత్తరాలు దిద్దిన మనిషి

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని ఎదురుగా ఉన్నప్పుడు బాబాయిగారూ అని పిలిచేవాళ్లం. పక్కకు తిరిగితే ఎర్రపెన్ను అనేవాళ్లం. రెండో పేరు ఆయనకు తెలియక కాదు. ఒకసారి బైండింగు చేసే మనిషి నోరుజారి మొహం మీదే అనేస్తే, "పర్లేదు, ఒత్తులన్నీ సరిగ్గానే పలికావు" అని మళ్లీ ప్రూఫులో తల దూర్చాడు.

ఆయన బల్లకు ఎదురు కుర్చీ నాది. చేతిరాత కాగితాన్ని, మేం కాపీ అనేదాన్ని, నేను పైకి చదువుతుంటే, అచ్చులో అదే పడిందో లేదో ఆయన చూసుకునేవాడు. కామా ఉంటే కామా అనాలి, పేరా మారితే పేరా అనాలి. మేం ఎక్కువగా వేసేవి బడిపిల్లల ఇంగ్లీషు గ్రామరు గైడ్లు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఖాళీలు పూరించే వాక్యాలు చదివీ చదివీ, ఇంటికెళ్లి కూర వండుతూ కూడా మధ్యలో "డ్యాష్" అనేదాన్ని.

నేను చేరిన కొత్తలో గైడు కాకుండా ఒక కథల పుస్తకం వచ్చింది. ఒకచోట తల్లి పోతుంది. కళ్లు తుడుచుకుంటూ చదువుతుంటే కామా అనడం మరిచిపోయాను. ఆయన పెన్ను ఆపాడు.

"అమ్మాయ్, నువ్వు ఏడుస్తూ కూర్చుంటే తప్పు మెల్లగా జారుకుంటుంది. మ్యాటర్‌లోకి దిగకు. గట్టు మీద నిలబడి అక్షరాలు చూడు, చాలు."

ఆ మాట అక్షరాలా నిజం. అర్థం వెంట పోయే కన్ను, లేని అక్షరాన్ని తనే వేసుకుని చదివేస్తుంది. పదేళ్లకు పైగా ఆయన తన కంటిని అలా పోనివ్వకుండా కట్టేసుకున్నాడు. వాక్యం ఏం చెబుతోందో చెవిన పడకుండా వాక్యమంతా చదవగలడు. అలాంటి మనిషి దొరకడం ఏ ప్రెస్సుకైనా అదృష్టమని మా ఓనరు అందరితో చెప్పుకునేవాడు.

బాబాయిగారు పెళ్లి చేసుకోలేదు. ఆయనకు నావాళ్లు అనుకోవడానికి ఒక్క అక్కే. తల్లి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్లు, ఆవిడకు పదకొండు. ఐదో తరగతిలోనే బడి మానేసి తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. వాణ్ణి బడిలో దింపి, గంట కొట్టేదాకా గోడ బయటే కూర్చునేదట. తమ్ముడు డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజున ఆవిడే ఎక్కువ హడావుడి పడింది. పెళ్లయ్యాక రైల్లో ఆరుగంటల దూరంలో కాపురం. బావ భవనాల పనిలో ఇనుప చువ్వలు కట్టే మనిషి, పని ఎక్కడుంటే అక్కడికి నెలల తరబడి వెళ్లేవాడు. ఒక కూతురు. ఆవిడ రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టేది.

ఆవిడకు నలభై రెండేళ్లప్పుడు కార్ఖానావాళ్లు పని అయ్యాక గంటసేపు ఇంగ్లీషు క్లాసు పెట్టారు. ఆర్డరు కాగితాలు చదవడం వస్తే సూపర్‌వైజరు అవ్వచ్చన్నారు. పేరిచ్చినవాళ్లు పద్నాలుగు మంది. నెల తిరిగేసరికి మిగిలినవాళ్లు ముగ్గురు. అందులో ఈవిడ ఒకతె.

మొదటి ఉత్తరం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. బాబాయిగారు దాన్ని చేత్తో పట్టుకుని మిషన్ల గదిలోకి కూడా వెళ్లి చూపించి వచ్చాడు. పైన తెలుగులో ఒక్క ముక్క: "ఒరేయ్, నవ్వకు. తప్పులుంటే దిద్ది పంపు." కింద బొద్దు అక్షరాలతో ఆరు ఇంగ్లీషు వాక్యాలు. మై డాటర్ హ్యావ్ లాంగ్ హెయిర్. అవర్ హౌస్ హ్యావ్ వన్ విండో. మై బ్రదర్ హ్యావ్ బిగ్ జాబ్.

"చూశావా అమ్మాయ్, నాది బిగ్ జాబట!" అని మురిసిపోయాడు. మూడు హ్యావ్‌లనూ హ్యాజ్‌లు చేసి, "చాలా బాగుంది అక్కా, ఇదొక్కటి చూసుకో" అని అంచున రాసి పంపాడు. వారం తిరక్కుండానే దిద్దిన వాక్యాలన్నీ శుభ్రంగా తిరగరాసి ఆవిడ మళ్లీ పంపింది. అలా మొదలైంది. నెలకు రెండు ఉత్తరాలు తప్పేవి కావు.

అన్నీ ఒంటబట్టాయి గానీ ఆ హ్యావ్, హ్యాజ్‌ల పేచీ మాత్రం తెగలేదు. ఒకసారి ఆవిడ తెలుగులోనే నిలదీసింది: "ఒక్కరైతే హ్యాజ్, ఎక్కువమందైతే హ్యావ్ అన్నావు. మరి నేను ఒక్కదాన్నే కదరా! 'ఐ' పక్కన హ్యావ్ ఎందుకు? నేనేమైనా గుంపా?" బాబాయిగారు చాలాసేపు నవ్వి, "దీనికేం చెప్పను అమ్మాయ్?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? మన మాటలో ఎవరికైనా ఏదైనా ఉంటుంది, అంతే. నాకు ఇల్లుంది, ఆవిడకు కూతురుంది, ఇంటికి కిటికీ ఉంది. మనిషి మారితే ఉండటం మారదు. అదేమాట పైకి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "రూలంటే రూలే. కంఠతా పట్టు" అని రాసి పంపాడు.

రెండో ఏడు వచ్చేసరికి అంచున రాసే మాటల్లో మెత్తదనం తగ్గింది. "మళ్లీ అదే." "ఎన్నిసార్లు చెప్పాలి?" ఆ తర్వాత అదీ లేదు, గీతలూ సున్నాలూ మాత్రమే. ఆయన తన గురించి ఒక్క ముక్క రాసేవాడు కాదు. ఆవిడ ఉత్తరమే ఎర్రబడి ఆవిడకు తిరిగి వెళ్లేది. నేనొకసారి "అక్కగారు కులాసానా?" అని అడిగితే, "కులాసానే. వాక్యాలు పెద్దవి రాస్తోంది" అన్నాడు. ఆ జవాబులో ఏదో తేడా ఉందని నాకప్పుడు తట్టలేదు.

ఆ ఎండాకాలం బళ్లు తెరవడానికి మూడు వారాలుందనగా నాలుగు గైడ్లు ఒకేసారి మీద పడ్డాయి. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తే పనిలేదు. అలాంటి రోజున అక్క ఉత్తరం వచ్చింది. ఆయన అన్నం డబ్బా మూత పక్కన దాన్ని పరుచుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో దిద్దుతున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"విన్నారా? ఐ హ్యాజ్ ఫియర్! హ్యావ్ అనాల్సిన చోటల్లా హ్యాజ్, హ్యాజ్ అనాల్సిన చోటల్లా హ్యావ్. ఒట్టేసుకుని రాస్తోందేమో!"

గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన హ్యాజ్ కొట్టేసి హ్యావ్ వేశాడు. అంచున ఏదో రాశాడు. ఎప్పుడూ వారం రోజులు బల్ల మీద పడుండే ఉత్తరం, ఆ సాయంత్రమే పోస్టు డబ్బాలో పడింది. పనుల మధ్య అదొకటి తెమిలిపోయిందన్నాడు.

ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు.

"విసుగొచ్చి ఉంటుంది. నేర్చుకోవడమంటే మాటలా?" అన్నాడు మొదటి నెల. రెండో నెల పోస్టుమ్యాన్ వచ్చినప్పుడల్లా తల ఎత్తి చూడటం గమనించాను. గైడ్ల హడావుడి తగ్గాక, నాలుగో నెలలో, రెండురోజులు సెలవు పెట్టి అక్కను చూడటానికి వెళ్లాడు. తిరిగొచ్చాక అక్కడ జరిగింది నాకు ఒకేసారి చెప్పలేదు. కాపీ చదువుతూ నేను ఊపిరి తీసుకునే చోటల్లా కొంచెం కొంచెం చెప్పాడు. అంతా కలిపితే ఇదీ సంగతి.

పట్టపగలు. తలుపు తీసే ఉంది. గుమ్మంలో నిలబడితే లోపల్నుంచి అక్క "ఎవరూ?" అంది.

"నేనే అక్కా."

ఆవిడ మొహం ఒక పక్కకు తిప్పి, ఎడమ కంటితో వెతికినట్టు చూసింది. "నువ్వట్రా! రా, రా. ఇంత చిక్కిపోయావేంట్రా? తింటున్నావా లేదా?" అంటూ కుండలోంచి నీళ్లు ముంచింది. గ్లాసు నిండిందో లేదో తెలియడానికి లోపల వేలుపెట్టి చూసుకుంది. బాబాయిగారు ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"కంటికేమైంది అక్కా?"

"కుడిది పోయింది. రాశాను కదరా."

"ఎప్పుడు రాశావు?"

ఆవిడ లేచింది. పెట్టెలో చీరల కిందనుంచి ఒక కవరు తీసి ఇచ్చింది. తన చేతి ఎర్ర ఇంకు తనకే కనబడింది. ఎదురుగా కాపీ చదివే మనిషి లేకుండా, మొదటిసారి, ఆయన ఆ ఉత్తరాన్ని ఉత్తరంలా చదివాడు.

మై రైట్ ఐ హ్యావ్ షాడో. డాక్టర్ హ్యావ్ టోల్డ్ ఆపరేషన్ సూన్. మై హస్బెండ్ హ్యావ్ గాన్ ఫర్ వర్క్. ట్వెల్త్ డేట్ యు కమ్ విత్ మీ. ఐ హ్యాజ్ ఫియర్.

కుడికంటికి నీడ కమ్ముతోంది, డాక్టరు త్వరగా ఆపరేషన్ చేయాలన్నాడు, ఆయన పనికి వెళ్లాడు, పన్నెండో తేదీన నువ్వు తోడు రా, నాకు భయంగా ఉంది. అంతే. పెద్ద చదువు అక్కర్లేదు, మా గైడ్లు చదివే పిల్లలకైనా అర్థమవుతుంది. ప్రతి వాక్యంలో ఒక సున్నా, దాని పైన సరైన మాట. "యు కమ్" ముందు "ప్లీజ్" అని చేర్చి ఉంది. అంచున: "ఐ పక్కన హ్యాజ్ రాదు. ఇరవైసార్లు చెప్పాను. బుద్ధిపెట్టి రాయి."

"ఇది తిరిగొచ్చాక, నీకు వీలుకాదు కాబోలు అనుకున్నానురా" అంది అక్క. "పని ఒత్తిడి అయ్యుంటుంది."

"నేను చదవలేదక్కా."

"చదవకుండా ఎలా దిద్దావురా?"

ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదట. నిజంగానే అర్థంకాక అడిగింది.  గట్టు మీద నిలబడటం గురించి నాకు చెప్పినంత తేలిగ్గా అక్కకు చెప్పలేకపోయాడు.

పన్నెండో తేదీన ఆవిడ ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. పక్కన సంతకం పెట్టే పెద్దవాళ్లు లేనిదే ఆపరేషన్ చేయం అన్నారు. కూతురికి పదిహేనేళ్లు, ఆ పిల్ల సంతకం చెల్లదు. మళ్లీ తేదీ ఇచ్చేసరికి రెండున్నర నెలలు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అది, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి అన్నారు. అప్పటికి బావ వచ్చాడు గానీ, కుడికంటికి చేయడానికి ఏమీ లేకపోయింది.

"పక్కింటివాళ్లనైనా అడగాల్సింది కదక్కా!"

"తోడబుట్టినవాడికే కుదరకపోతే, వాళ్లను ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

"పోనీ తెలుగులో రాయాల్సింది. తెలుగులో రాస్తే నేను..."

ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. అక్క చీర కొంగు మడతలు పెట్టుకుంది.

"తెలుగులోనే మొదలుపెట్టానురా. రెండు కాగితాలు చింపేశాను. నిన్ను పెంచినదాన్ని, నీతో భయమేస్తోందని ఎప్పుడైనా అన్నానా? తెలుగులో ఆ మాట రాస్తుంటే ఏడుపొచ్చింది. ఇంగ్లీషులో అయితే ఎవరో అంటున్నట్టు ఉంది. గబగబా రాసేశాను."

ఇది చెప్పిన రోజు ఆయన ప్రూఫు పక్కకు తోసి కళ్లజోడు తీసేశాడు. నేను తల ఎత్తలేకపోయాను. ఆ మధ్యాహ్నం నా నవ్వు కూడా ఆ గదిలో వినబడింది కదా. ఉత్తరంలో ఇంకేముందని ఒక్కమాట అడిగి ఉంటే? ఎదురుగానే ఉన్నాను, పైకి చదవడం నా పనే. అడగలేదు.

ఆ తర్వాత బాబాయిగారు ప్రూఫులకు పనికిరాకుండా పోయాడు. ఇది ఎవరో పుట్టించిన మాట కాదు, ఎదురు కుర్చీలోంచి నేను చూసింది. "ది ఓల్డ్ మ్యాన్ హ్యాజ్ లాస్ట్ హిజ్ వే" లాంటి చిన్న వాక్యం దగ్గర కూడా పెన్ను ఆగిపోయేది. "ఎక్కడికి పోతూ దారి తప్పాడో" అనేవాడు మెల్లగా. నేను తర్వాతి వాక్యానికి వెళ్లిపోయేదాన్ని, ఆయన ఇంకా ముసలాయన దగ్గరే ఉండేవాడు. రోజుకు ముప్ఫై పేజీలు తేల్చే మనిషి పదికి దిగాడు. ఆ పదిలోనూ తప్పులు మిగిలేవి. ఒక గైడులో అచ్చంగా హ్యావ్, హ్యాజ్‌ల పాఠంలోనే రెండు తప్పులు అచ్చయిపోయాయి. బడులవాళ్లు పుస్తకాలు తిప్పి పంపారు. ఓనరు మంచివాడే, అరవలేదు. ఆయన్ని ప్యాకింగు గదికి మార్చాడు. ఆయన కూడా ఎందుకని అడగలేదు. కట్టలు కట్టి, చీటీలు అంటించి, మూడేళ్లు అక్కడే పనిచేశాడు.

ప్రతినెలా రెండో శనివారం రైలెక్కేవాడు. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎడమకంటి చుక్కల మందు తెచ్చి, రోజుకు ఎన్నిసార్లు వేయాలో పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి వచ్చేవాడు. ఆ కన్ను నిలబడింది. కాజాల పని మాత్రం పోయింది. చొక్కాలు మడతపెట్టే బల్ల దగ్గర ఆవిడకు చోటిచ్చారు. సూపర్‌వైజరు ఉద్యోగం, క్లాసులో చివరిదాకా మిగిలిన ముగ్గురిలో ఇంకొకావిడకు వచ్చింది.

ఒకసారి మంచి నోటుపుస్తకం, లావుపాటి గీతలున్నది, కొని పట్టుకెళ్లాడు. "మళ్లీ రాయి అక్కా. ఎలా రాసినా సరే, నేను పెన్ను ముట్టుకోను" అన్నాడట. అక్క దాని అట్టను చేత్తో తడిమి, "బాగుందిరా, పిల్ల లెక్కలు చేసుకుంటుంది" అని కూతురికి ఇచ్చేసింది.

ఆయన ప్రెస్సు మానేసే ముందు నేను ప్యాకింగు గదికి వెళ్లి పక్కన కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండక పురికొస చుడుతున్నాడు. ఎన్నాళ్లనుంచో నోట్లో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"అక్కగారు మీ మీద కోపం పెట్టుకున్నారా బాబాయిగారూ?"

"నేనూ అదే అడిగాను అమ్మాయ్. మొన్న చుక్కలు వేస్తూ అడిగాను."

"ఏమన్నారు?"

"కోపమెందుకురా అంది." ఆయన పురికొస కొస దొరక్క వెతుక్కున్నాడు. "మళ్లీ తనే, 'ఆ రోజు వచ్చుంటే బాగుండేది' అంది. కళ్లు మూసుకునే అంది. చుక్క లోపలికి ఇంకాలి కదా, రెండు నిమిషాలు తెరవకూడదు. నేను ఆ రెండు నిమిషాలూ పక్కనే నిలబడ్డాను."