కర్నూలు నుంచి సముద్రం కనపడే మంచం దాకా

రెండు దేశాలు, ఒక సముద్రం, నాలుగు రైళ్లు. వీటన్నిటినీ జయించిన ఇద్దరు ఆడవాళ్ల వీరగాథ ఇది. నిజం చెప్పాలంటే ఓడలో నేను నిద్రపోయాను, అమ్మ పులిహోర తిన్నది. శ్రీలంకకు ఇలా కూడా వెళ్లొచ్చని చెప్పడానికే రాస్తున్నాను.

అమ్మ షరతులు రెండు. విమానం ఎక్కదు. పొద్దున పక్క మీద కళ్లు తెరవగానే సముద్రం కనపడాలి.

"కనపడకుంటే ఇంగ నీ మాట విననే పాపా. ఏటేటా మాదిరి అహోబిలమే పోదాం."

"ఓడ కూడా నేల మీద పోదమ్మా."

"మునిగితే ఈదొచ్చు."

"నీకు ఈత వచ్చా?"

"యాడ నేర్చుకునేది, డ్రమ్ములోనా?"

హోటల్ ఎంపికకు వారం పట్టింది. నేను సముద్రం ఫొటోలు చూపిస్తే అమ్మ బాత్రూం ఫొటోలు పెద్దవి చేసి చూసేది. ఈతకొలను ఉన్న ఒక పెద్ద హోటల్ నాకు తెగ నచ్చింది. అమ్మ వేలు ఒక మూల ఆగింది.

"తెర ఎనక అదేంది? నీలం డ్రమ్ము. నిండా పట్టి మూత పెట్టినారు. అంటే ఆడ కొళాయి రాదు."

డ్రమ్ము లేని ఒక చిన్న లాడ్జిలో 'సముద్రానికి ఎదురు గది' తీసుకున్నాం. రద్దు చేసుకుంటే పైసా రాదు.

సోమవారం సాయంత్రం కర్నూలులో చెన్నై రైలెక్కాం. మంగళవారం రాత్రి ఇంకో రైల్లో నాగపట్నం. బుధవారం ఓడ: పాస్‌పోర్టుల వరుసలో రెండు గంటలు, సముద్రం మీద నాలుగు, దిగింది శ్రీలంక ఉత్తరపు కొసన. గురువారమంతా కొలంబో రైలు. శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు దక్షిణం వైపు వెళ్లే రైలు. కుడి పక్క కూర్చోండి, సముద్రం పట్టాల పక్కనే వస్తుంది. ఎదుటి సీటు పెద్దాయన తమిళంలో, "మీ ఊళ్లో సముద్రం లేదా?" అని అడిగాడు. నాకొచ్చిన అరకొర తమిళంతో అర్థం చేసుకుని అమ్మకు చెప్పాను.

"సముద్రం సంగతి తర్వాత, ముందు నీళ్లు లేవని చెప్పు," అంది అమ్మ.

పదకొండు ఇరవైకి దిగి లాడ్జి వైపు నడిచాం. దారిలో ఆ పెద్ద హోటల్. గేటు ముందు నీళ్ల ట్యాంకర్, లోపలికి పైపు. అమ్మ సామాను దించి, తీరిగ్గా నిలబడి చూసింది.

"చూసినావా?"

చూశాను.

మా గదిలో కొళాయి ధారగా వచ్చింది. కిటికీ నిండా సముద్రమే. కానీ మంచం తలాపు సరిగ్గా ఆ కిటికీ కింద ఉంది. అమ్మ పడుకుని, కళ్లు మూసి తెరిచింది.

"బీరువా కనపడతాండాది."

"కూర్చుంటే సముద్రం కనపడుతుంది కదమ్మా."

"కూచ్చోని నిద్దర లేస్తానా నేను?"

నాలుగు రోజుల ప్రయాణం, నా ఏడాది సెలవులు ఆ బీరువా ముందు కూలబడ్డాయి. ఇక బతుకంతా అహోబిలమే అనుకున్నాను. అమ్మ కొంగు దోపింది. "ఆ పక్క పట్టు."

టేకు మంచం. జానెడు జరిగేసరికి లాడ్జి యజమానురాలు చప్పుడు విని వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె నవ్వుతూ కాళ్ల వైపు పట్టుకుంది.

మర్నాడు ఐదు యాభైకి అమ్మ కళ్లు తెరిచింది. తల కూడా ఎత్తలేదు.

"శానా నీళ్లుండాయే పాపా," అంది. "కొళాయి కట్టేసేవాడు ఎవుడూ లేడు."

అక్కడున్న మూడు పొద్దులూ అదే చూసింది. తిరుగు రైల్లో, కడపలో ఎక్కిన ఒకావిడ అడిగింది: "ఏమక్కా, యాడికి పోయొస్తాండారు?"

"శ్రీలంకకు. పండుకోని సముద్రం చూసొచ్చినా."

"పండుకోనా!"

"నిలబడుకోని ఎవురైనా చూస్తారులేమ్మా."

రాణులు కూడా అంత దర్జాగా చెప్పి ఉండరు. ఇంత ప్రయాణానికీ ఆ ఒక్క మాట సరిపోయింది.

వెళ్లదలచిన వాళ్లకు: ఆ లాడ్జిలో గది పదింటికల్లా ఖాళీ చేయాలి. మంచాన్ని మళ్లీ కిటికీ కిందికి జరపడానికి పదిహేను నిమిషాలు కలుపుకోండి.